రెండంగుళాలు తక్కువ

“రెండంగుళాలు తగ్గియ్యి సారూ,” అన్నాడు మొగిలయ్య.

సుధీంద్ర చేతిలోని టేపు ఆగిపోయింది. నాచారంలో పెట్టుడు చేతులూ కాళ్లూ చేసే ఆ వర్క్‌షాప్‌లో అతను సొంతంగా చేయబోతున్న మొదటి చెయ్యి ఇది. తేడా వస్తే మళ్లీ ప్లాస్టర్ కలిపే పనికే పంపిస్తానని పెద్దాయన విశ్వనాథం ముందే చెప్పి ఉంచాడు.

“కుడిచెయ్యి ఎంతుంటే ఎడమదీ అంతే ఉండాలన్నా. మీకు మోచేతి నుంచి వేలి కొసకు పంతొమ్మిది.”

“పదిహేడు సాలు. మా ఆమెకు గంతే ఉంటది, సూడు.” పక్కన కూర్చున్న భార్య చెయ్యి పట్టుకుని టేపు దగ్గరికి లాగాడు.

“జర ఇడువు, సారు నవ్వుతున్నడు,” అంది హైమావతి.

“పొట్టిగా ఉందని గొడవపెట్టుకున్నవాళ్లను చూశాను. మీరేంటన్నా ఇలా?”

“పొడుగు చేతులతోని మస్తు నష్టపోయిన సారూ. ఇగ నాతోని గాదు.”

సుధీంద్ర మనసు చివుక్కుమంది. ఆ ఎడమచెయ్యి ఫ్యాక్టరీ మిషన్లో పోయింది. కాస్త పొట్టిదైతే మిషన్‌కు అందకపోయేదేమో. పాపం, ఆ భయం ఇంకా వదల్లేదు.

“బరువులేమైనా ఎత్తుతారా?”

“లే. కూసోని చేసే పనే. తడి తగిల్తే ఏం గాదు గద?”

“తుడుచుకుంటే చాలు.”

“చేతి ఏళ్లు మాత్రం సక్కగుండాలె సారూ. కొస యాడుందో అందరికి కనబడాలె.”

వారం తిరక్కుండా చెయ్యి తయారైంది. విశ్వనాథం కొలిచి చూసి కళ్లజోడు పైనుంచి ఉరిమాడు.

“టేపు చూడ్డం ఎవరు నేర్పారయ్యా నీకు?”

సుధీంద్ర గొంతు తగ్గించి మిషన్ సంగతి, మొగిలయ్య భయం సంగతి చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ముప్పై ఏళ్లలో నాకు తట్టలేదు చూడు,” అని సంతకం పెట్టేశాడు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం సుధీంద్ర ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సు దిగాడు. ఫుట్‌పాత్ మీద ఆడవాళ్ల గుంపు. వాళ్ల సందుల్లోంచి తను చేసిన చెయ్యి తళతళలాడుతూ కనిపించింది. గర్వంతో ఛాతీ ఉబ్బింది. పదిమందికి చూపించుకునే ధైర్యం వచ్చేసిందన్నమాట మనిషికి. సందు చేసుకుని ముందుకు వెళ్లాడు.

ఆ చేతి మీద మొగిలయ్య మల్లెపూలు మూరలు కొలుస్తున్నాడు.