వెయ్యి అడుగులు

“ఇదీ కుదరదమ్మా,” అన్నాడు వెండెల్, మ్యాపు మీద కంపాసు ముల్లు గుచ్చి ఎర్ర పెన్సిలుతో ఇంకో వలయం గీస్తూ. “పక్క చర్చిలో పసిపిల్లల బడి ఉంది. ఎనిమిది వందల అరవై అడుగులే.”

నోరీన్ కుర్చీ ముందుకు లాక్కుంది. ఫ్లోరిడాలో ఓ మూలనున్న ఆ చిన్న ఊరి మ్యాపు నిండా ఎర్ర వలయాలే. బయట మిగిలింది చిత్తడి నేల, పాత పేపరు మిల్లు, హైవే. రస్సెల్ పదమూడేళ్ళ శిక్ష ముగించుకుని శుక్రవారం బయటికొస్తున్నాడు. చిన్నపిల్ల జోలికి పోయి జైలుకెళ్ళినవాడు. అలాంటివాళ్ళు పిల్లలు తిరిగే చోటికి వెయ్యి అడుగుల లోపు ఉండకూడదు. ఇవాళ బుధవారం.

“మరి ఓక్ వీధిలో గది?”

“ఆ వీధివాళ్ళకి తెలిసిపోయింది. ఖాళీ స్థలంలో ఓ జారుడుబల్ల, ఓ బెంచీ పాతేసి పార్కని బోర్డు పెట్టించారు. పార్కన్నాక వలయం గీయాల్సిందే. ఎంత పని చేశారో చూడండి.”

“వాళ్ళనేం అనకండి. ఒకప్పుడైతే పార నేనే పట్టుకునేదాన్ని.”

కన్నతల్లికి ఎంత సిగ్గో పాపం, అనుకున్నాడు వెండెల్. జైలు నుంచి వచ్చేవాళ్ళకి ఇళ్ళు వెతికిపెట్టే ఉద్యోగం మీద ఆ ఊరొచ్చి రెండేళ్ళే అయినా మంచివాడని పేరు తెచ్చుకున్నాడు. కాకపోతే ఎదుటివాళ్ళ కథ వాళ్ళు చెప్పకముందే తనే పూర్తిచేసేస్తాడు.

“ఏదీ దొరక్కపోతే?” అంది నోరీన్.

“ఇల్లు లేదని రాసుకుంటారు. వంతెన కింద పదిమంది అలాగే పడున్నారు. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట. నెలకోసారి షెరీఫ్ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి పోతారు. మిగతా రోజులు ఎక్కడుంటారో దేవుడికే తెలియాలి.”

“అది మాత్రం వద్దు. వాడికి ఒక తలుపు ఉండాలి. దానికో నంబరుండాలి.”

ఇంతలో ఆమె ఫోను మోగింది.

“ఇంకా లేదు కోరా. వెతుకుతున్నాం. నువ్వు తిన్నావా? సరే, వచ్చేస్తా.” ఫోను పెట్టేసి, “మా అమ్మాయి,” అంది. “వారం నుంచి దానికి కంటిమీద కునుకు లేదు.”

“అన్న వస్తున్నాడంటే ఉండదు మరి.”

నోరీన్ మ్యాపు తనవైపు తిప్పుకుంది.

చివరికి మిల్లు వెనక ఓ ట్రైలరు ఇల్లు, చక్రాల మీద నిలబెట్టిన రేకుల గది, దొరికింది. అక్కడికి దగ్గర్లో ఉన్నది బడి బస్సు ఆగే చోటొక్కటే. వెండెల్ కొలత చక్రం తీశాడు. ఆమె అందుకుని, ఎండలో తనే దొర్లించుకుంటూ వెళ్ళింది. వెయ్యీ అరవై అడుగులు.

“శిక్ష అయిపోయాక కూడా ఈ తిప్పలేమిటో,” అన్నాడు వెండెల్, ఆమె చెమట చూసి.

“అయిపోయిందని ఎవరన్నారు?”

ట్రైలరు లోపలంతా బూజు వాసన. నోరీన్ అదేమీ పట్టించుకోలేదు.

“ఈ కిటికీ రోడ్డు మీదకేనా? లోపల దీపం వెలిగితే కారులోంచి కనబడుతుందా?”

“బాగా కనబడుతుంది. వచ్చి చూసుకుంటూ ఉంటారా?”

“అప్పుడప్పుడు. వాకిలి ఒక్కటేనా?”

“ఒక్కటే.”

“మంచిది.”

ఆమె మెట్టు మీద కూర్చుని కూతురికి ఫోను చేసింది. “నలభై రెండు, మిల్లు రోడ్డు. రాసుకున్నావా? మన ఇంటికి తొమ్మిది మైళ్ళు. ఇంక కాసేపు పడుకో తల్లీ.” కోరా అడిగితే నంబరు మళ్ళీ చెప్పింది.

వెండెల్ కళ్ళు చెమర్చాయి. “ఎంతైనా తల్లి తల్లే నోరీన్ గారూ. ఆ పిల్ల వాళ్ళు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారా?”

“ఉన్నారు.”

“వాళ్ళ బాధ వాళ్ళది, పాపం.” కాగితం ఆమె చేతికిచ్చాడు. “షెరీఫ్ ఆఫీసుకి పంపాలి. అన్నీ నేనే పెన్సిలుతో నింపాను. చూసుకుని సంతకం పెట్టండి.”

ఆమె ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. ‘ఇల్లు చూసిపెట్టినవారు అతనికి ఏమవుతారు?’ ఎదురుగా ‘తల్లి’ అని ఉంది.

“రబ్బరుంటే ఇలా ఇవ్వండి,” అంది నోరీన్.

చెరిపి, ‘ఏమీ కాను, ఆ పిల్ల తల్లిని’ అని రాసింది.