కనుమ కింద అలిగిన బండి

పికప్ బండ్లు బరువు తామే తూచుకుని, బలమెంతో పొదుపెంతో తామే తేల్చుకునే రోజులొచ్చాయి. లాగమంటే లా పాయింట్లు లాగేవి. గంగులప్ప బండి టమాటా పెట్టెలతో కనుమ కిందే ఆగిపోయింది. తొమ్మిదికి మదనపల్లెలో వేలం. ఆలస్యమైతే కాయంతా మగ్గి, రసమే.

"ముప్పై కిలోలు ఎక్కువన్నా. బలంగా లాగితే ఛార్జింగు చాలదు, పొదుపుగా పోతే కొండెక్కను," అంది బండి.

"నువ్వు పికప్పువా, పిసినారప్పవా? రెండు పెట్టెలు దించేస్తా, పో!"

పక్కనున్న భార్య రెడ్డెమ్మ అడ్డుపడింది. "పెట్టె ముట్టుకుంటే చూడు! సీటెనక ఆ డబ్బాలేంది మామా?"

"రేడియేటరుకు నీళ్లు మే."

"ఇది కరెంటు బండి, దీనికి రేడియేటరే లేదు కదా!"

గంగులప్ప నాలుక కరుచుకున్నాడు. తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో నీళ్లు నింపుకోకుండా ఎవరూ కనుమ ఎక్కలేదు. పదిహేను లీటర్ల డబ్బాలు రెండూ రోడ్డు పక్కన కుమ్మరించాడు.

"ఇప్పుడు గట్టిగా పట్టుకోన్నా!" అంటూ బండి ఒక్క ఉరుకు ఉరికింది.

అద్దంలో చూస్తే, వెనక అలిగి నిలబడ్డ ఏడు బండ్ల డ్రైవర్లూ తమ సీట్ల వెనక నుంచి డబ్బాలు లాగుతున్నారు.

"తొక్కు మామా, తొక్కు!" అని రెడ్డెమ్మ అరిచింది. "వాళ్లు పారబోసేలోపు మన కాయ వేలంలో ఉండాల!"