పందెం బజారు వేసిన ఓటు

నా ఓటు నా భార్యను చంపినవాడికి పడింది. వేసింది ఊరు.

పందెం బజారు చెప్పిన ఫలితం ఎన్నడూ తప్పడం లేదని పోలింగ్ ఎత్తేశారు. ఎవరు ఎవరికి వేస్తారో ఊరివాళ్లు పందెం కాస్తారు. పందెం ఎటు మొగ్గితే ఓటు అటు పడుతుంది. ఎమ్మెల్యే అప్పారాయుడు వేయిస్తానని వేయించని రోడ్డు మీద, ఆసుపత్రికి తీసుకెళ్తుండగా గుంతలో దిగబడిన ఆటోలోనే నా భార్య పైడమ్మ పోయింది. ఈసారి అతణ్ణి ఓడించాలని, నా ఓటు అతనికి కాదని చెప్పడానికి ఊరి సచివాలయానికి వెళ్లాను.

"మీ ఓటు అప్పారాయుడు గారికి పడిపోయింది, బాబాయ్," అన్నాడు గుమాస్తా.

పైడమ్మ తమ్ముడు సింహాద్రి అక్కడే ఉన్నాడు. "నేనూ అలాగే కాశాను బావా. అక్క పోయినంత మాత్రాన మన కులపోణ్ణి కాదంటావా ఏంటి?"

"అంటాను."

"బజారు నమ్మదులే," అని నవ్వాడు.

నేను ఇల్లు చేరేలోగా, వచ్చే ఎన్నికల్లోనూ నా ఓటు అప్పారాయుడికేనని పందెం మొదలైంది. అతనికి వేయనన్న మాట ఇక నా నోట రాదు; అన్నా బజారు నమ్మదు.