తాతదేవుడికి బాకీపడ్డ ఆట

ఆస్పత్రి ఆవరణలోని చిన్న గుడిలో కొలువున్న తాతదేవుడు తన మీద అలిగాడేమోనని బున్లూకి ముప్పై ఏళ్లుగా అనుమానం. ఇక్కడే భార్య కాన్పు కష్టమైనప్పుడు, బిడ్డ దక్కితే ఆ గుడి ముందు నాట్యమాడతానని మొక్కుకుని, కూతురు పుట్టాక సిగ్గుపడి ఎగ్గొట్టాడు. అరవై ఆరో ఏట వృషణంలో గడ్డ తగలగానే ఆ అనుమానం రూఢి అయింది.

"పెదనాన్నా, గడ్డతో సహా తీసేసిన వృషణం రిపోర్టు వచ్చింది," అంది డాక్టరమ్మ. "చాలా అరుదైన రకం. ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్లకే వస్తుంది. మామూలుగా ఎక్కడికీ పాకదు. ఇక మందులక్కర్లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలు."

బున్లూ బయటికొచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. "బతికిపోయానే సైయుద్! ఒకటి తీసుకున్నాడుగా, తాత మొక్కు తీరినట్టేనా?"

సైయుద్ పకపకా నవ్వింది. "దాన్ని ఆయనేం చేసుకుంటాడయ్యా? నువ్విస్తానన్నది ఆట!"

"మరి అలిగాడేమో?"

"అలిగినవాడు ఇంత మంచి కబురు వినిపిస్తాడా? పాపం, ఎదురుచూస్తున్నాడంతే."

బున్లూకి ఆపుకోలేని నవ్వు వచ్చింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి కనుక కాళ్లు కదపకుండా, గుడి ముందు నిలబడి వేళ్లు వెనక్కి వంచి చేతులు తిప్పాడు. సైయుద్ నోటితోనే డోలు వాయించింది. వరండాలోని రోగులు చప్పట్లు కొట్టారు.

చెమటలు కక్కుతూ చివరికి చేతులు జోడించాడు.

"ఆలస్యమైంది తాతా. ఇదిగో, నీ ఆట."