ఇల్లు లేవాలంటే

చలికాలం పోయి కొండల మీద మంచు కరిగితే, ఆ హిమాలయ లోయలో ఇళ్లన్నీ ఇనుప కాళ్ల మీద పైకి లేస్తాయి. శ్రీకాకుళం నుంచి తాపీపనికి వెళ్లిన ఆసిరయ్య ఇల్లూ అలాంటిదే. ఆ ఉదయం ఏరు పొంగి గడప తాకింది. పక్కిల్లు మొరాయించి లేవకపోవడంతో, అందులో ఉండే ముసలమ్మ డోల్మా వీళ్లింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

“బరువెక్కువైంది. నలభై అయిదు కిలోలు తగ్గించండి” అంది ఇల్లు.

ఆసిరయ్య బియ్యం బస్తా బయటికి తోశాడు.

“ఇంకా ఇరవై” అంది ఇల్లు.

నీళ్లు లోపలికొచ్చాయి. సంగతి అర్థమై డోల్మా తలుపు వైపు నడిచింది. ఆసిరయ్య భార్య తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“ఏటి సూస్తన్నావు? నా కుట్టుమిషను తోసీ!” అంది మొగుడితో.

“అది నీ బతుకుతెరువు కదే!”

“తోసీమంటన్నాను!”

మిషను నీళ్లలో పడింది. ఇల్లు ఒక్కసారి వణికి, మెల్లగా లేచింది. అప్పటికి గాని తవిటమ్మకు ఏడుపు రాలేదు.