చెంబెడు నీళ్ళు

“మూత తియ్యవే, ఒక్కసారి చూస్తాను,” అంది సాఫియే పిన్ని, జీపుకు అడ్డంగా నిలబడి.

పైకప్పు లేని జీపులో కూర్చున్న నిల్గున్ ఒళ్ళోని పెట్టె తెరిచింది. దూదిలో, చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్ద మట్టిబిళ్ళ. ఈ సరస్సు ఒడ్డునే కచేరీ పెట్టుకుని పర్షియా రాజు మనుషులు ఇక్కడి నేలను ఏలారని ఆమె ఎప్పటినుంచో చెబుతోంది. రుజువు చూపకపోతే ఈ వేసవితో తవ్వకాలు ఆపెయ్యమన్నారు పైవాళ్ళు. ఆ రుజువు వాళ్ళకు చూపించడానికే ఇప్పుడీ ప్రయాణం.

“ఈ మట్టిబెడ్డ కోసమా ఎండలో అంత మాడావు?”

“రాజుగారి ఉత్తరానికి వేసిన ముద్ర పిన్నీ! ఇదిగో, సింహాన్ని పట్టుకున్న రాజు. వెనక ఈ గీతలు గుమాస్తా బొటనవేలివి. రెండున్నర వేల ఏళ్ళ నాటి వేలు!”

పిన్ని నవ్వు ఆగిపోయింది. తన బొటనవేలు ఓసారి చూసుకుంది.

“అల్లా! మరి ఉత్తరమేదీ?”

“బూడిదైపోయింది. కచేరీకి నిప్పెట్టారు, పాపిష్టివాళ్ళు! మంట చేరని పక్క గదిలో దొరికిన ముద్రలేమో ముట్టుకుంటే పొడైపోయాయి. బూడిదలో ఇదొక్కటే మిగిలింది. పచ్చి మట్టి, ఊపిరి తగిలినా భయమే.”

“క్షేమంగా వెళ్ళి రా తల్లీ,” అంటూ పిన్ని చెంబుతో జీపు వెనక్కి నడిచింది. వెళ్ళేవాళ్ళ వెనక నీళ్ళు పొయ్యకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. నీళ్ళలా అడ్డు లేకుండా వెళ్ళాలి, నీళ్ళలా తిరిగి రావాలి అని ఆవిడ నమ్మకం.

ఆవిడ చెంబు విసరడం, డ్రైవరు తుర్గాయ్ పొరపాటున రివర్స్ గేరు వెయ్యడం ఒక్కసారే జరిగాయి. నీళ్ళన్నీ నిల్గున్ ఒళ్ళో ఇంకా తెరిచే ఉన్న పెట్టెలో పడ్డాయి.

“కొంప ముంచావు పిన్నీ!”

“నేనా? ఈ మొద్దబ్బాయే వెనక్కొచ్చాడు!”

“సాగనంపమంటే స్నానం చేయిస్తావా?” అన్నాడు తుర్గాయ్.

నిల్గున్‌కు ఏడుపొచ్చింది. బిళ్ళను అరచేతిలోకి తీసుకుని, కరిగిపోతుందని గుండె చిక్కబట్టుకుని చూసింది. కరగలేదు. తడికి రాజు కిరీటం, సింహం జూలు మరింత తేటపడ్డాయి. గోటితో మెల్లగా తట్టింది. కుండపెంకులా ఖంగుమంది.

“పచ్చి మట్టన్నావు?” అంది పిన్ని.

“కాదు పిన్నీ. ఇటుకలా కాలింది. అందుకే ఇన్నేళ్ళూ నిలిచింది.”

“అంత బాగా ఎవరు కాల్చారే?”

“రాజు పేరే మిగలకూడదని నిప్పెట్టినవాళ్ళు.”