పద్నాలుగో లైను

"నేను నీళ్ళు తాగొచ్చేలోపు ఏమైనా చేశారాండీ?" అందావిడ, చెవి మీది పెన్సిల్ తీస్తూ.

"ఏం లేదండీ," అన్నాడతను.

అబద్ధం. ఆ అర నిమిషంలోనే కంప్యూటర్లో ఒక లైను కొట్టి, ఎంటర్ నొక్కి, తెర మీద అది కనిపించకుండా చెరిపేశాడు.

ఆఫీసులో అతన్నందరూ తాళంచెవి అంటారు. నలభై శాఖల వెబ్ సర్వర్లూ అతని చేతి మీదే నడుస్తాయి. ఎక్కడ కొత్త కంప్యూటర్ పెట్టినా అతనే కూర్చుని సర్వర్ ఎక్కించాలి, అతనే సెట్టింగులు దిద్దాలి.

పోనీ అన్నీ ఒకే రకమా అంటే, కాదాయె. రెండు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు ఉన్నట్టు, అదే సర్వర్‌కి ఒక రకంలో ఒక పేరూ ఒక ఫోల్డరూ, ఇంకో రకంలో ఇంకో పేరూ ఇంకో ఫోల్డరూ. ఇదంతా అతని బుర్రలో తప్ప మరెక్కడా లేదు.

అందుకే పాపం అతనికి బదిలీ కూడా లేదు.

భార్యకి వేరే ఊళ్ళో ఉద్యోగం. పాప ఆమె దగ్గరే. ఐదేళ్ళలో ఐదు దరఖాస్తులు పెట్టాడు. ఐదింటికీ ఒకటే జవాబు: ఈ పని తెలిసినవారు ఇంకొకరు లేరు కనుక కుదరదు.

"తాళంచెవిని ఎవరైనా ఊరు దాటిస్తారటయ్యా," అని నవ్వేవాడు మేనేజర్.

అతనికి నవ్వొచ్చేది కాదు. కిటికీ లేని గది. రోజంతా ఫ్యాన్ల రొద. ఫోన్లో పాప గొంతు: "నాన్నా, రేపొస్తావా?"

ఆరో దరఖాస్తు పెట్టి మూడు నెలలైంది. జవాబు రాలేదు. ఈవిడ వచ్చింది.

"హెడ్డాఫీసు నుంచి వచ్చారు. నువ్వు కొట్టేవన్నీ చూసి ఒక స్క్రిప్టు రాస్తారు," అన్నాడు మేనేజర్. "దాన్ని నడిపిస్తే చాలు, కంప్యూటర్ ఏ రకమో అదే కనిపెట్టి, సర్వర్ అదే ఎక్కించేస్తుందట. వారం టైమిచ్చారు."

"మరి నేనో?"

"చూద్దాంలే."

ఆ మాటకి అతనికి అన్నం సయించలేదు. పోయినేడు బిల్లుల సెక్షన్లోకి ఇలాగే ఓ మెషిన్ వచ్చింది. నలుగురి ఉద్యోగాలు ఊడాయి.

ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని, అతను కొట్టే ప్రతి లైనూ నోటుబుక్కులో అంకెలేసి రాసుకునేది. కంప్యూటర్ మనిషికి పెన్సిలేమిటో, స్కేలు పెట్టి మార్జిను గీయడమేమిటో. అడిగే సందేహాలేమో మరీ చిన్నవి. విసుక్కున్నా ఏమీ అనుకునేది కాదు.

మూడో రోజు ఉన్నట్టుండి అడిగింది.

"పాపకిప్పుడు రెండో క్లాసాండీ?"

పాప సంగతి అతనెప్పుడూ చెప్పలేదు. నా ఫైలు తవ్వి మరీ వచ్చిందన్నమాట, ముందు ఎవర్ని పీకాలో చూసుకోవడానికి, అనుకున్నాడు. ఒళ్ళు మండింది.

ఆవిడ నీళ్ళకి లేచినప్పుడు అతను ఆ లైను దాచింది అందుకే.

రెండో రకం కంప్యూటర్లకి ఆ లైనే ప్రాణం. అవి బయటివాళ్ళకి గేటు మూసుకుని ఉంటాయి. లోపల సర్వర్ నిక్షేపంగా నడుస్తున్నా, ఆ ఒక్క లైనుతో గేటు తీయకపోతే బయట ఎవరికీ పేజీ కనిపించదు.

'ఏం లేదండీ' అన్న అతని ముఖంలోకి ఆవిడ చూసింది. పదమూడు తర్వాత పద్నాలుగు అంకె వేసి, పక్కన ఖాళీ వదిలి, పదిహేనుకి వెళ్ళింది.

వారం ఆఖరున పరీక్ష పెట్టారు. పన్నెండు కంప్యూటర్ల మీద స్క్రిప్టు నడిపించారు. ఆరింటిలో పేజీ వచ్చింది. రెండో రకం ఆరింటిలో రాలేదు.

"ఏదైనా మర్చిపోయామాండీ?" అని అతన్నే అడిగింది.

"నాకు తెలిసిందంతా చెప్పానండీ."

"సగం పనికి స్క్రిప్టెందుకమ్మా, మావాడే నయం," అన్నాడు మేనేజర్.

అతనికి గుండె తేలికపడింది. కాస్త సిగ్గూ వేసింది.

సంచీ సర్దుకుంటూ ఆగిందావిడ.

"ఒక్క మాటండీ. ఇక్కణ్ణించి వెళ్ళాలని మీకుందా?"

ఇప్పుడూ ఉద్యోగానికే ఎసరు పెడుతోంది అనుకున్నాడు.

"లేదండీ. నాకిక్కడే బాగుంది."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆవిడ పెన్సిల్ మళ్ళీ చెవి మీద పెట్టుకుంది. నోటుబుక్కు అతని బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయింది.

పది రోజులకి హెడ్డాఫీసు నుంచి ఫైలొచ్చింది.

"ఏమయ్యా, బదిలీ నువ్వే వద్దన్నావట," అన్నాడు మేనేజర్. "దరఖాస్తు మూసేశారు. ఇక మూడేళ్ళదాకా మళ్ళీ పెట్టే వీల్లేదు."

"నేనెప్పుడన్నానండీ?" అంటూనే ఫైలు లాక్కున్నాడు.

పై కాగితంలో మూడు నెలల కిందటి నోటు. స్కేలు పెట్టి గీసిన మార్జిను.

'ఈ పని స్క్రిప్టుకి అప్పజెప్పగలిగితే ఇతన్ని కుటుంబం దగ్గరికి పంపవచ్చు. నేను స్క్రిప్టు రాయడం నేర్చుకుని వెళ్ళి ప్రయత్నిస్తాను, అనుమతించండి.' పక్కన పై అధికారి ఆదేశం: 'అనుమతించాను. ఫలితం తేలేదాకా ఉద్యోగికి చెప్పరాదు.'

కింద అదే చేతిరాతలో కొత్త నోటు: 'ఉద్యోగి ఇక్కడే ఉండదలిచారు.'

అతను సొరుగులోంచి నోటుబుక్కు తీసి, పద్నాలుగు పక్కన ఆ లైను రాశాడు. రాశాక, ఎవరికి చూపించాలో తోచలేదు.

మళ్ళీ ఫైలు చూశాడు. సంతకం కింద ఆవిడ హోదా, బదిలీల సెక్షను ముద్రా ఉన్నాయి.

ఆవిడ కంప్యూటర్ నిపుణురాలు కాదు. అతని ఐదు దరఖాస్తులకీ 'కుదరదు' అని జవాబు టైపు చేసి, ఆరోసారి చెయ్యడానికి చేతులు రాని గుమాస్తా.